నొప్పి చేతికి నప్పిన పిడి

కీళ్లవాతం ఉన్నవారికి ఆపిల్ చెక్కు తీయడంలో కష్టమంతా చెక్కు దగ్గర ఉండదు, పిడి దగ్గర ఉంటుంది. సన్నని ఇనుప పిడి జారకుండా ఉండాలంటే వేళ్లు గట్టిగా బిగించాలి. వాచిన కణుపులు ఓర్చుకోలేనిది ఆ బిగింపునే. ఆ సంగతిని పట్టుకుని అమెరికాలో రూపుదిద్దుకున్న పనిముట్టు ఆక్సో సంస్థ వారి ‘గుడ్ గ్రిప్స్’ పీలర్. 1990లో బజారులోకి వచ్చింది.

దాని వెనక ఉన్న శామ్ ఫార్బర్ అప్పటికే వంటసామాన్ల వ్యాపారం చేసి విరమించుకున్నవారు. భార్య బెట్సీకి చేతుల్లో కీళ్లవాతం. మామూలు పీలర్‌తో ఆమె పడే అవస్థ ఆయనను ఆలోచనలో పడేసింది. బెట్సీ స్వయంగా ఆర్కిటెక్ట్. తన నొప్పికి మందు వెతుక్కోవడంతో ఆగకుండా, పిడి ఎలా ఉంటే బాగుంటుందో తేల్చడంలో ఆమె కూడా చెయ్యి వేశారు. న్యూయార్క్‌లోని స్మార్ట్ డిజైన్ అనే సంస్థ వారు నమూనాలు చేశారు.

ఆ పీలర్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పిడి లావుగా ఉంటుంది కనుక వేళ్లు పూర్తిగా ముడవనక్కర్లేదు. గుండ్రంగా కాక కోలగా ఉంటుంది. గుండ్రని పిడి అరచేతిలో తిరుగుతుంది, దాన్ని ఆపడానికి మళ్లీ బిగించాలి. కోల పిడికి ఆ బెడద లేదు. పైన ఉన్నది శాంటోప్రీన్ అనే రబ్బరు లాంటి మెత్తని పదార్థం, చెయ్యి తడిగా ఉన్నా జారదు. బొటనవేలు, చూపుడువేలు ఆనేచోట రెండు పక్కలా పలుచని రెక్కల వరసలున్నాయి. సైకిల్ హ్యాండిల్ తొడుగుల నుంచి వచ్చిన ఊహ అది. నొక్కితే ఏ వేలికి తగ్గట్టు ఆ వేలికి వంగుతాయి. ఎక్కడ పట్టుకోవాలో చెప్పకుండానే చెబుతాయి. పిడి చివరి రంధ్రం పెద్దది, వణికే చెయ్యి కూడా తేలిగ్గా మేకుకి తగిలించగలదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది దీని మర్యాద. ఇది రోగుల సామాను లాగా కనపడదు. మామూలు వంటసామాన్ల మధ్యే అమ్మారు, ఏ నొప్పీ లేనివారూ ఇష్టపడి కొన్నారు. తర్వాత న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం దాన్ని తన సేకరణలో చేర్చుకుంది.

మన వంటింటికి ఇందులో పాఠం ఉంది. కత్తిపీట మీద కూర తరిగేటప్పుడు పిడి పట్టుకునే పనే లేదు. పీటను కాలు తొక్కిపడుతుంది, రెండు చేతులూ కాయకే. మోకాళ్లు సహకరించక కింద కూర్చోవడం మానేసినవారు చాకు, పీలర్ అందుకుంటారు. మోకాలి భారం వేళ్ల మీదికి వస్తుంది. అందుకే అట్లకాడ పిడికి గుడ్డ చుట్టుకునే అమ్మమ్మలు ఉన్నారు. పిడిని లావు చేసుకొమ్మని ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఇచ్చే సలహా కూడా అదే. అమ్మమ్మ చుట్టిన ఆ గుడ్డలో ఒక నమూనా ఉంది. మన గరిటెలు, పట్టకార్లు చేసేవారు దాన్ని చూసి కొలతలు తీసుకోవాలి. జీవితాంతం తోడుండే జబ్బుతో రోజూ పొయ్యి వెలిగించే మనిషికి మంచి పిడి సౌకర్యం మాత్రమే కాదు, తన వంట తాను చేసుకునే స్వేచ్ఛ.