'వాల్డెన్' జమాఖర్చులో చేరని పద్దు: స్వల్పశ్రమ, మితవ్యయ జీవనంపై ఒక పరిశీలన

కొలువును కాదన్న కవిని తెలుగు విమర్శ ఎక్కువగా భక్తి దృష్టితోనే చూసింది. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వక పొలం దున్నుకొని బతికిన పోతన, తంజావూరు శరభోజి పిలుపును తోసిపుచ్చి ఉంఛవృత్తితో గడిపిన త్యాగరాజు వైరాగ్యానికి నిదర్శనాలుగా స్థిరపడ్డారు. ఈ కథనాల్లో చరిత్ర ఎంత, ఐతిహ్యమెంత అన్న చర్చ వేరు. కొలువు వద్దనుకున్నవాడు ఏడాదిలో ఎన్నాళ్లు పనిచేశాడు, ఇంటికి ఎంత ఖర్చయింది, మిగిలిన తీరిక ఎవరి శ్రమవల్ల దక్కింది అన్న ప్రశ్నలు మాత్రం ఆ చర్చలోకి అరుదుగా వచ్చాయి. వీటిలో మొదటి రెండింటికీ అర సెంటుతో సహా లెక్క చెప్పిన గ్రంథం హెన్రీ డేవిడ్ థోరో రచించిన 'వాల్డెన్' (1854). మూడో ప్రశ్న దగ్గర ఆ గ్రంథం తడబడిన తీరే ఇక్కడ పరిశీలనాంశం.

థోరో 1837లో హార్వర్డ్‌లో చదువు ముగించాడు. కొంతకాలం పాఠాలు చెప్పాడు, ఇంటివారి పెన్సిళ్ల తయారీలో పనిచేశాడు, భూములు కొలిచాడు. ఏ ఒక్క వృత్తికీ పూర్తిగా కట్టుబడలేదు. 1845 జూలై 4 నుంచి 1847 సెప్టెంబరు 6 వరకు మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ దగ్గర, వాల్డెన్ చెరువు ఒడ్డున, తాను కట్టుకున్న పదిహేను అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల ఇంట్లో నివసించాడు. ఏడాదికి సుమారు ఆరు వారాలు పనిచేస్తే తన ఖర్చులన్నీ గడుస్తాయని ఐదేళ్లకు పైబడిన అనుభవంతో ప్రకటించాడు. స్వేచ్ఛ కోరేవాడికి దినకూలి అన్నిటికంటె అనువైన వృత్తి అని కూడా అన్నాడు. పొద్దు గుంకగానే కూలివాడి పని ముగుస్తుంది. యజమాని చింత ఏడాది పొడవునా తీరదు.

ఈ ప్రకటనకు ఆధారం 'ఎకానమీ' అనే మొదటి అధ్యాయంలోని జమాఖర్చులు. ఇంటికైన ఖర్చు 28.12½ డాలర్లు, హార్వర్డ్ విద్యార్థి ఒక్క గదికి ఏటా కట్టే అద్దె 30 డాలర్లు. సేద్యం మీద రాబడి 23.44, ఖర్చు 14.72½, మిగులు 8.71½ డాలర్లు. వారం తిండికి 27 సెంట్లు. అర సెంట్ల దాకా సాగిన ఈ ఖచ్చితత్వం వ్యాపారి భాషను వెక్కిరించడానికే అని చదవవచ్చు. అయితే అది వ్యంగ్యంతో ఆగదు. ఒక వస్తువు వెల అంటే దానికోసం ధారపోయవలసిన ఆయుర్దాయం అన్నది థోరో సూత్రం. ఫిచ్‌బర్గ్ ప్రయాణపు ఉదాహరణలో ఇది స్పష్టమవుతుంది. దూరం ముప్పై మైళ్లు, రైలు ఛార్జీ తొంభై సెంట్లు, అంటే దాదాపు ఒక రోజు కూలి. నడిచేవాడు రాత్రికి ఊరు చేరుతాడు. రైలెక్కేవాడు ముందు ఆ కూలి సంపాదించుకోవాలి. డబ్బును రోజుల్లోకి మార్చి చూపిన ఈ లెక్క ముందు పూర్తికాలపు కొలువు సహజమైనదన్న నమ్మకం నిలవడం కష్టం.

అయితే అదే అధ్యాయంలో రెండు చిన్న మాటలున్నాయి. మామూలు ఇంటికి ఎనిమిది వందల డాలర్లవుతుందనీ, అది కూడబెట్టడానికి కూలివాడికి పది పదిహేనేళ్లు పడుతుందనీ చెబుతూ, కుటుంబభారం లేకపోయినా అంతే అని థోరో కలుపుతాడు. కుటుంబం ఉంటే ఏమవుతుందో లెక్కవేయడు. రెండోది, ఖర్చుల పట్టిక నడుమ చెప్పిన మాట: బట్టలుతకడం, మరమ్మతు చేయడం చాలావరకు బయటే జరిగాయట, వాటి బిల్లు ఇంకా అందలేదట. హాస్యంగా దొర్లిన ఈ వాక్యం పట్టికలోని పద్దులన్నిటికంటె విలువైన సాక్ష్యం. తల్లి, అక్కచెల్లెళ్లు ఉన్న ఇల్లు కాంకర్డ్‌లోనే, నడిచి వెళ్లే దూరంలో ఉంది. చెరువు ఒడ్డు స్థలం ఎమర్సన్‌ది; అద్దె అనే పద్దే లేదు. 'ఎకానమీ' అన్న మాటకు గ్రీకు మూలంలో గృహనిర్వహణ అని అర్థం. గృహనిర్వహణలో స్త్రీల వంతుకు వచ్చే పని మాత్రం ఆ పేరుగల అధ్యాయంలో అందని బిల్లుగానే మిగిలింది.

లెక్కకు కుటుంబం ఎదురైన చోటు కూడా గ్రంథంలో ఉంది. 'బేకర్ ఫామ్' అధ్యాయంలో వానకు తడిసిన థోరో ఒక గుడిసెలో తలదాచుకుంటాడు. అక్కడ జాన్ ఫీల్డ్ అనే ఐరిష్ కూలి, భార్య, పిల్లలు ఉంటారు. చిత్తడి నేలను తవ్వి తిరగేసినందుకు ఎకరాకు పది డాలర్ల చొప్పున అతనికి గిట్టుతుంది. టీ, కాఫీ, వెన్న, మాంసం మానితే వాటికోసం ఇంత కష్టపడనక్కరలేదని థోరో బోధిస్తాడు. సూత్రం తప్పు కాదు. కానీ వింటున్నది పసిపిల్లలున్న వలస కుటుంబం. చెబుతున్నది ఒంటరివాడు, పట్టభద్రుడు, కాలు జారితే పుట్టిల్లు ఉన్నవాడు. ఫీల్డ్ భార్య చేతిలో నేల తుడిచే గుడ్డకర్ర ఎప్పుడూ ఉంటుందనీ, దాని ఫలితం మాత్రం ఎక్కడా కనిపించదనీ రచయిత ఎత్తిపొడుస్తాడు. ఆమె శ్రమ అతనికి కనబడింది. శ్రమగా లెక్కకు రాలేదు. మితవ్యయం ఎంపికగా ఉన్నప్పుడే విముక్తి. విధిగా ఉన్నప్పుడు దాని పేరు పేదరికమే. ఈ భేదాన్ని 'వాల్డెన్' గుర్తించలేదని ఈ ఘట్టమే రుజువు చేస్తుంది.

ఈ వెలుగులో ఉంఛవృత్తిని మళ్లీ చూడాలి. త్యాగరాజు, థోరో సమకాలికులు; త్యాగరాజు సిద్ధిపొందిన 1847 జనవరి నాటికి థోరో చెరువు ఒడ్డునే ఉన్నాడు. పోలిక అంతకు మించి సాగదీయరాదు. కోతలయ్యాక పొలంలో రాలిన గింజలేరుకోవడం ఉంఛమనే మాటకు మూలార్థం. పాడుతూ వీధుల్లో బియ్యం స్వీకరించడం తర్వాతి ఆచారం. ఇందులో దాత ప్రతిరోజూ గుమ్మంలో కనబడతాడు. పరాధీనత దాగదు, పాటతోపాటు వీధిలోనే ఉంటుంది. థోరో ఎవరికీ ఋణపడనట్లు లెక్క చూపి, ఋణాన్ని పట్టిక వెలుపల ఉంచాడు. ఇలా చూస్తే స్వావలంబన గురించి తక్కువ మాట్లాడిన సంప్రదాయమే ఈ విషయంలో ఎక్కువ నిజాయితీ చూపింది.

అయినా ఉంఛవృత్తి కథనాల్లోనూ ఆ బియ్యాన్ని ఏరి వండిన చేతుల ప్రస్తావన స్వల్పమే. ఇంటి పక్షాన వినిపించే గొంతు ఒకటి మాత్రం ఐతిహ్యంలో మిగిలింది. రాజకానుకలు కాదన్న తమ్ముడిపై కోపించి, అన్న ఆరాధ్యవిగ్రహాలను కావేరిలో పారవేశాడన్న కథ అది. దానిని భక్తుడికెదురైన పరీక్షగా, అన్నను దుష్టపాత్రగా చదవడం పరిపాటి. 'నిధి చాల సుఖమా' కీర్తన వ్యాఖ్యానాల్లోనూ అన్నకు దక్కే స్థానం అంతే. అతని కోపంలో ఇంటి ఖర్చు ఉంది. కాంకర్డ్‌లో బట్టలుతికినవారి కోపం అంతమాత్రంగానైనా నమోదు కాలేదు.