సున్నంలో బెల్లం

బోధన్‌లో మా ఇల్లు రిపేరు మొదలుపెడుతున్నామనగానే చుట్టాలందరిదీ ఒకటే సలహా. కొన్నాళ్లు కిరాయికి వేరే ఇల్లు తీసుకోండి, పని అయ్యాక వద్దురు గానీ అని. మా అత్తమ్మ ససేమిరా అంది. "మనం లేకపోతె సుతారికి అడిగేటోళ్లెవ్వరు?" అని ఆమె వాదన. దాంతో కార్తీకంలో వంట దలాన్‌లోకి వచ్చింది. బియ్యం డ్రమ్ముకూ పచ్చడి జాడీలకూ పాత చీరలు చుట్టాం. ఒక అర్ర గోడలు గీకుతుంటే పక్క అర్రలో అందరం పడుకున్నాం. దేవుని అర్ర మాత్రం చివరిదాకా ముట్టనివ్వలేదు. పనోళ్లకు పదకొండింటికి ఒక చాయ్, మూడింటికి ఒక చాయ్. ఎవరికి చక్కెర ఎక్కువ, ఎవరికి తక్కువ అన్నది మా పిల్లవాడికి లెక్కల పాఠం కన్నా బాగా వచ్చేసింది. సంక్రాంతికి సకినాలు చుట్టడానికి మా ఇంట్లో దుమ్ములేని జానెడు జాగా లేదు. పక్కింటోళ్ల దలాన్‌లో గుడ్డ పరిచి చుట్టుకున్నాం.

దుబాయ్‌లో ఉన్న మా మరిది రాత్రి కాగానే వీడియో కాల్ చేసేవాడు. "వదినా, గిన్ని పైసలు పెట్టేకాడికి కూలగొట్టి స్లాబే పోసుకుంటె అయిపోవు గదా?" అనేవాడు. మా జిల్లాలో ఊరూరా ఉన్న గల్ఫ్ పైసల ఇండ్లు చాలావరకు అట్లా లేచినవే. వాళ్లను తప్పుబట్టలేను. పెంకుటిల్లు మీద కోతులు చేసే ఆగం చూసినవాడెవడైనా స్లాబే కోరుకుంటాడు. మేమూ కప్పు విషయంలో రాజీపడ్డాం. నా పేచీ గోడల దగ్గరే.

మా మామ చక్కెర ఫ్యాక్టరీలో నౌకరీ చేసిన రోజుల్లో కట్టిన ఇల్లు ఇది. ఇటుకలు, డంగు సున్నం. తర్వాతెప్పుడో లోపలి గోడలకు నడుము ఎత్తుదాకా సిమెంటు పూయించారు, చెమ్మ ఆగుతుందని. చెమ్మ ఆగలేదు, ఆ పూత దాటి పైకెక్కింది. అక్కడ ఉప్పు పూసి రంగు పొరలు పొరలుగా రాలేది. కారణం తెలుసుకుంటే తేలికే. పాత గోడ అడుగున నేలలోని తడి ఇటుకల వెంట పైకి పాకుతుంది. సున్నపు పూత ఆ తడిని గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూత వదలదు. బయటికి దారిలేని తడి ఇంకా పైకి పోతుంది, తనతోపాటు ఉప్పునూ మోసుకుపోతుంది. ఇంట్లో ఉంటూ పని చేయించుకున్నందుకు దక్కిన లాభం ఇదే. ఏ గోడ పొద్దున తడిగా ఉంటుందో, ఏది మధ్యాహ్నానికి ఆరుతుందో చెయ్యి పెట్టి చూసుకోగలిగాం.

సున్నం పని తెలిసిన సుతారి దొరకడమే గగనమైంది. అడిగినవాళ్లంతా సిమెంటుకే మొగ్గారు. చివరికి ఒక ముసలి చాచా వచ్చాడు. గోడ మీద వేలితో కొట్టి, చెవి పెట్టి విని, "సిమెంటు పెచ్చు మొత్తం తియ్యాలె బిడ్డా, గోడకు దమ్మాడుతలేదు" అన్నాడు. వాకిట్లో గుంత తవ్వించి కాల్చిన సున్నపు రాయి వేసి నీళ్లు పోయించాడు. బుసబుసమని పొంగి ఉడికింది. పిల్లలు అటు పోకుండా గుంత మీద పలకలు పరిచాం. సున్నం చేతిని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఇకపోతే కరక్కాయలు. నిజామాబాద్ గంజ్‌లో కిలోల లెక్కన అడిగితే దుకాణపాయన నన్ను ఎగాదిగా చూసి "ఇంటిల్లిపాదికీ దగ్గా అమ్మా?" అన్నాడు. గోడకు అంటే నమ్మలేదు. కరక్కాయలు దంచి, బెల్లంతో కలిపి నీళ్లలో నానబెట్టి, పులిశాక ఆ నీళ్లతో సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపాడు చాచా. వెనకట ఇదంతా ఎడ్లు తిప్పే రాతి గానుగలో నూరేవారు. ఇప్పుడు చేతులతో దంచుడే.

ఆ బెల్లం దగ్గరే నా ఆలోచన ఆగింది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో ఈ నేల చెరుకుకు వచ్చింది. 1937లో మా ఊరి శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. చెరుకు రసంలో సున్నపు పాలు పోసి కాస్తే మడ్డి కిందికి దిగి రసం తేటపడుతుంది. ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లకు ఇది రోజూ చూసే సంగతి. అక్కడ తీపికి సున్నం సాయం, ఇక్కడ సున్నానికి తీపి సాయం. చక్కెర కలిసిన నీళ్లలో సున్నం మామూలు కన్నా ఎక్కువ కరుగుతుంది. అదే సిమెంటుకైతే తీపి శత్రువు. 50 కిలోల బస్తాకు 50 గ్రాముల చక్కెర కలిసినా గట్టిపడడం గంటల తరబడి వెనకపడుతుంది. మా పనోళ్ల చాయ్‌లలో ఒక్క పూటకు పోయేది అంతకన్నా ఎక్కువే! ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. చెరుకు తెలిసిన ఊళ్లో సున్నం తెలిసిన చేతులూ అట్లాగే తగ్గిపోయాయి.

పాత గోడకు సిమెంటు పడదన్న పాఠం పెద్ద కట్టడాల వాళ్లు మనకన్నా ముందే నేర్చుకున్నారు. హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణ 2013లో ఆగాఖాన్ ట్రస్టు చేపట్టినప్పుడు, గత శతాబ్దపు మరమ్మతుల్లో పూసిన సిమెంటును తీసేసి మళ్లీ సున్నమే వాడారు. సమాధులకు దక్కిన ఆ మర్యాద మనుషులుండే ఇండ్లకెందుకు దక్కదో నాకు అర్థం కాదు.

సున్నంతో ఇబ్బందులు లేవని అనను. సిమెంటు ఒక్క రోజులో చేసే పనికి ఇది వారాలు తీసుకుంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకుని గట్టిపడే సరుకు ఇది. అన్నాళ్లూ తడి గోనెలు కప్పి కాపాడాలి. కూలి లెక్క కూడా పెరుగుతుంది. స్నానాల గదికి మేమూ సిమెంటే వాడాం. కొత్త స్లాబు ఇంట్లో సున్నం పూయించుకోమని ఎవరికీ చెప్పను.

కానీ మీది తాతల నాటి ఇల్లయితే పుట్టీ, రంగులు కొనడానికి ముందు గోడ ఒక మూల గీకించి చూడండి. ఇటుకల నడుమ సున్నమో మట్టో కనబడితే సిమెంటు బస్తాలు వెనక్కి పంపండి. పని ఎండాకాలంలో పెట్టుకోకండి, మన 45 డిగ్రీల ఎండకు సున్నం గట్టిపడకముందే ఎండి బీటలిస్తుంది. దీపావళి దాటాక మొదలుపెట్టి శివరాత్రికి ముగించండి. చాచా లాంటివాళ్లు మీ ఊళ్లో ఒక్కరున్నా, పని నేర్చుకునే ఒక కుర్రవాడిని వెంట పెట్టుకుని రమ్మని చెప్పండి. ఆ కుర్రవాడి కూలి మీరే ఇవ్వండి.