అడ్డాకు విస్తరి

రాయ్‌పూర్ వాళ్లకు మాహుల్, మన మన్యానికి అడ్డాకు. చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ అడవితీగ పెద్ద చెట్ల నెత్తికెక్కి పాకుతుంది. ఆకు కొసన చీలి గిట్టలా ఉంటుంది. తెల్లగా విచ్చి పసుపెక్కే పూలకు తేనెటీగలొస్తాయి, లేతాకును మేకలు ఇష్టంగా మేస్తాయి. ఎండిన కాయ ఫటేలున పేలి గింజలు విసిరితే వాటిని మనుషులు వేయించుకు తింటారు. ఇక విస్తరి కుట్టే చేతుల్ని చూడాలి! ఆకు మీద ఆకు అంచు కలిపి, సన్నటి వెదురు పుల్ల గుచ్చి, పైకి తేల్చి, మిగిలిన మొనను చిటుక్కున విరిచేస్తారు. దారం లేదు, జిగురు లేదు. వేడివేడి అన్నం పడగానే ఆకు వాసన లేస్తుంది, ఆ ముద్దకే అదనపు రుచి. ఈసారి మీ ఇంటి విందుకు ప్లాస్టిక్ పూత ప్లేట్లు మాని, అడ్డాకు విస్తళ్లు తెప్పించండి.