పొక్క మారొద్దు

మా బాపు పనిచేసిన టూల్ రూమ్ బాలానగర్ సీఐఈ గాంధీనగర్‌లో ఒక సందు చివర ఉండేది. బడికి సెలవులైతే మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఇచ్చే పని నాది. లోపలికి అడుగు పెడితే కూలెంట్ వాసన, చెప్పులకు అంటుకునే ఇనుప రజను. ఒక రోజు డ్రిల్లింగ్ మిషన్ దగ్గర కొత్త పిల్లగాడు కనిపించాడు. ఆ పొద్దున్నే చేరాడట. ఉక్కు పలకలు ఒకదాని తర్వాత ఒకటి తీసుకుని నాలుగేసి పొక్కలు కొడుతున్నాడు. నేను చూస్తున్నంతసేపూ స్కేలు ముట్టలేదు, గీత గీయలేదు. అయినా తీసిన ప్రతి పలకా ముందుదానికి అచ్చు గుద్దినట్టు ఉంది.

‘వానికి అంత పనితనం ఎట్లొచ్చింది బాపూ?’ అని అడిగాను. బాపు పలకను పట్టుకుని ఉన్న ఇనుప పెట్టె లాంటిదాన్ని చూపించాడు. అది డ్రిల్ జిగ్. పలక అటూ ఇటూ కదలకుండా మూడు లొకేటింగ్ పిన్నులు, పైన బిగించే క్లాంపు, బిట్టు దిగాల్సిన చోట గట్టి ఉక్కు బుష్‌లు. బిట్టు తప్పుచోటికి పోదామన్నా పోలేదు. ఆ జిగ్ చేయడానికి బాపుకి పదకొండు రోజులు పట్టింది. ‘మనిషి మారినా పొక్క మారొద్దు బిడ్డా. అందుకే ఇది’ అన్నాడు.

ఇప్పుడు నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసేది ఇదే పని. బాలానగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగుతాను. విజిటింగ్ కార్డు మీద డెవాప్స్ ఇంజినీర్ అని ఉంటుంది. తోటివాళ్లు రాసిన వెబ్ అప్లికేషన్ వాళ్ల లాప్‌టాప్ నుంచి క్లౌడ్‌లోకి, అంటే జనం వాడే చోటికి, చెయ్యి పడకుండా చేరే దారి వేయడం నా ఉద్యోగం. దాన్ని పైప్‌లైన్ అంటారు. నా మనసులో మాత్రం అది జిగ్గే.

ఈ మాట నాకు ఊరికే తట్టలేదు. నా మొదటి ఉద్యోగంలో మాకు నాలుగు సర్వర్లుండేవి. నెలకోసారి, శనివారం రాత్రి పదకొండు దాటాక రిలీజ్. ఎక్సెల్ షీట్‌లో ముప్పై నాలుగు మెట్లు: ఈ ఫైలు కాపీ చేయి, ఆ సర్వీస్ ఆపు, ఈ సెట్టింగ్ మార్చు, మళ్లీ మొదలుపెట్టు. ఇదంతా నాలుగు సర్వర్ల మీదా నాలుగుసార్లు. షీట్‌లో రాయని సంగతులు మరికొన్ని మా సీనియర్ అన్నకి మాత్రమే తెలుసు. ఒక నెల ఆయన చెల్లెలి పెళ్లికి ఊరెళ్లాడు. రిలీజ్ నా మీద పడింది. తెల్లవారుజామున మూడింటికి మూడో సర్వర్ మీద ఒక సెట్టింగ్ మార్చడం మరిచాను. పొద్దున్నుంచీ ఫోన్లు. కొందరికి డబ్బు కట్టినా రసీదు రావట్లేదు. పేజీ మళ్లీ తెరిస్తే వస్తోంది, ఇంకోసారి తెరిస్తే పోతోంది. నాలుగింటిలో ఒక్క సర్వరే తప్పు కాబట్టి తప్పు దొరికినట్టే దొరికి జారిపోయేది. మధ్యాహ్నం రెండు దాటాక గానీ దొరకలేదు. ఆదివారం పూట డబ్బు కట్టి, రసీదు లేక కంగారుపడ్డ మనుషులు ఇప్పటికీ గుర్తొస్తారు.

తర్వాత కొన్నాళ్లకు అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థ సంగతి చదివాను. 2012 ఆగస్టు 1న జరిగింది. కొత్త కోడ్‌ను 8 సర్వర్ల మీద చేత్తో పెట్టాలి. ఏడింటి మీద పెట్టారు, ఒకటి మరిచారు. మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదోదానిలో మిగిలిపోయిన పాత కోడ్ లేచి, అడగని షేర్లు కొంటూ అమ్ముతూ పోయింది. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఇంతకంటే నన్ను కలచివేసిన ముక్క ఇంకొకటుంది. కంగారులో వాళ్లు సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో పాత తప్పు ఎనిమిదింటికీ పాకింది. ఒకరు చేసింది రెండో మనిషి సరిచూడాలన్న నియమం కూడా అక్కడ రాసి లేదని నియంత్రణ సంస్థ ఆదేశంలో తేల్చింది. మరిచిన ఆ ఉద్యోగి మీద నాకు కోపం రాలేదు. తెల్లవారుజామున నేను కూర్చున్న కుర్చీలాంటిదే అతనిదీ. వాళ్లకూ జిగ్ లేదు, మాకూ లేదు.

జిగ్ ఒక్కటే చాలదు, అందులో పెట్టే ముక్క కూడా ఎప్పుడూ ఒకే కొలతలో ఉండాలి. మూసాపేట వైపు వెళ్తే సనత్‌నగర్ ఇన్‌లాండ్ కంటైనర్ డిపో కనిపిస్తుంది. సముద్రం లేని మన ఊరికి రేవు లాంటిదది. రంగురంగుల పెట్టెలు ఒకదాని మీద ఒకటి. లోపల మందులుండనీ మోటార్లుండనీ, క్రేనుకు పట్టింపు లేదు. అది పట్టుకునేది పెట్టె మూలల్లోని ఇనుప దిమ్మెలనే. ఆ దిమ్మెల కొలత ప్రపంచమంతా ఒక్కటి. 1956 ఏప్రిల్‌లో మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి 58 పెట్టెలను ఓడెక్కించి అమెరికాలో నూవార్క్ నుంచి హ్యూస్టన్ పంపించాడు. అప్పటినుంచి మొదలై 1968 నాటికి అంతర్జాతీయ కొలతలు ఖాయమయ్యాయి. అదే 1968లో మన బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మొదలైంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థ చెయ్యి కలిపితే కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ అది. మా బాపుకి జిగ్ పని నేర్పిన మేస్త్రి అక్కడ చదివినవాడే.

సాఫ్ట్‌వేర్‌లో ఆ పెట్టె 2013 మార్చిలో వచ్చింది. శాంటా క్లారాలో జరిగిన పైథాన్ సదస్సులో సాలమన్ హైక్స్ 5 నిమిషాల ప్రసంగంలో డాకర్‌ను చూపించాడు. అంతకుముందు మా ఆఫీసుల్లో రోజూ వినబడే మాట ఒకటుండేది: ‘నా లాప్‌టాప్‌లో బానే నడుస్తోంది కదా!’ నిజంగానే నడిచేది. రాసినవాని లాప్‌టాప్‌లో ఒక లైబ్రరీ కొత్త వెర్షన్, సర్వర్‌లో దాని పాత వెర్షన్. డాకర్ వచ్చాక అప్లికేషన్‌ను దానికి కావాల్సిన లైబ్రరీలతో సహా ఒకే పెట్టెలో సర్ది ముద్ర వేస్తాం. దాన్ని ఇమేజ్ అంటాం. 2015లో పెట్టె కొలతలు తేల్చడానికి ఓపెన్ కంటైనర్ ఇనిషియేటివ్ ఏర్పడింది. మూలల దిమ్మెలు కుదిరాయన్నమాట.

ఇక జిగ్ సంగతి. మా దగ్గర ఒక అమ్మాయి కోడ్ రాసి, మార్పులన్నీ భద్రపరిచే గిట్‌లో పెట్టగానే పైప్‌లైన్ కదులుతుంది. ఇమేజ్ కడుతుంది, పరీక్షలు పెడుతుంది, తెలిసిన లోపాలున్న లైబ్రరీలేమైనా దూరాయా అని వెతుకుతుంది, రిజిస్ట్రీ అనే గోదాములో దించుతుంది. ఏ కోడ్ మార్పు నుంచి పుట్టిందో ఆ మార్పు నంబరే ఇమేజ్‌కు పేరు. చాలామంది ‘లేటెస్ట్’ అని పేరు పెట్టి వదిలేస్తారు. అది పెద్ద పొరపాటు. రాత్రి రెండింటికి ఏదో విరిగినప్పుడు, నడుస్తున్న లేటెస్ట్ నిన్నటిదా మొన్నటిదా అని ఎవరినడగాలి? ఇంకో నియమం మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను: పరీక్షకు కట్టిన ఇమేజే అసలు చోటికీ వెళ్లాలి. మళ్లీ కట్టకూడదు. టూల్ రూమ్‌లో ఒక పలకను గేజ్ పెట్టి చూసి, పార్టీకి వేరే పలక పంపితే ఊరుకుంటారా? పాస్‌వర్డులు మాత్రం పెట్టెలో పెట్టం. అవి చేరే చోట విడిగా అందుతాయి.

చివరి అంచె కుబర్నెటీస్ చేతిలో ఉంటుంది. 2014లో గూగుల్ బయటపెట్టింది. గ్రీకు భాషలో ఆ మాటకు చుక్కాని పట్టేవాడని అర్థం. గోదావరి మీద అయితే సరంగు అంటాం. ఈ సరంగు పాత పెట్టెలన్నీ ఒక్కసారే దించడు. మనం వేరే చెప్పకపోతే నాలుగో వంతుకు మించి ఆపడు. కొత్తది లేచి, నేను సిద్ధం అని జవాబిచ్చాకే దాని దగ్గరికి జనాన్ని పంపిస్తాడు. టూల్ రూమ్‌లో ముక్క పాసా కాదా తేల్చే గో, నోగో గేజ్ లాంటిది ఆ జవాబు అడిగే పరీక్ష. అది మొక్కుబడిగా రాస్తే మొత్తం పైప్‌లైన్ మొక్కుబడే. డేటాబేస్ అందకపోయినా ‘బాగున్నాను’ అనే అప్లికేషన్లను నేను చాలా చూశాను. వెనక్కి తిరగాలంటే ఒక్క ఆదేశం చాలు, పాత ఇమేజ్ గోదాములోనే ఉంటుంది కనుక. డేటాబేస్‌లో తీసేసిన కాలమ్ మాత్రం ఆ ఆదేశంతో తిరిగి రాదు. కాబట్టి ముందు కొత్తది చేర్చాలి, పాత కోడ్ అంతా వెళ్లిపోయిందని తేలాక ఇంకో రిలీజ్‌లో పాతది తీయాలి. ఆలస్యమైతే కానీండి.

బాపు చెప్పిన రెండో సంగతి నాకు పనిలో పడ్డాకే అర్థమైంది. జిగ్‌లో పిన్ను వెంట్రుకవాసి జరిగితే వెయ్యి పలకలూ స్క్రాపే. చేత్తో చేసేవాడు పదో పలకకైనా అనుమానపడతాడు, జిగ్ అనుమానపడదు. అందుకే వాళ్లకు ఫస్ట్ పీస్ ఆచారం ఉంది. మొదటి ముక్క కొట్టి, సూపర్‌వైజర్ వెర్నియర్‌తో కొలిచి సంతకం పెట్టాకే మిగతావి. మేమూ కొత్త వెర్షన్‌ను మొదట నూటికి ఐదుగురికే చూపించి, అరగంట తప్పుల లెక్క చూసి, తర్వాత మిగతావాళ్లకు తెరుస్తున్నాం. ఆ అరగంట వృథా అనే మేనేజర్లున్నారు. వాళ్ల మాట వినొద్దు.

ఆటోమేషన్ వస్తే మనుషుల పని పోతుందా అని చాలామంది అడుగుతారు. కొంత పోతుంది. గీత గీసి, పంచ్ కొట్టి, చేతి అంచనాతో పొక్క కొట్టే ఆపరేటర్ల విలువ జిగ్ వచ్చాక తగ్గింది. మా బాపు స్నేహితుల్లోనే అలాంటివాళ్లున్నారు. రాత్రిపూట రిలీజులు చేసే మా తరం వాళ్లలో కొందరు పైప్‌లైన్లు రాయడం నేర్చుకున్నారు, కొందరికి నేర్పే తీరిక ఏ కంపెనీకీ లేకపోయింది. వాళ్ల తలలో ఉన్నదే మనం ఫైళ్లలోకి దించుకున్నాం. ఆ దించేటప్పుడు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవడం, ఆ ఫైలు మీద వాళ్ల పేరూ ఉంచడం మన బాధ్యత.

అమీర్‌పేటలో దిగితే మైత్రీవనం చుట్టూ డెవాప్స్ బోర్డులే. డాకర్, కుబర్నెటీస్, జెంకిన్స్ లాంటి టూళ్లను ఎంతో దూరం నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో ఉండి నేర్చుకుంటున్నారు. వాళ్ల కష్టం మీద నాకు గౌరవం ఉంది. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ రీజియన్‌ను హైదరాబాద్‌లోనే మూడు జోన్లతో తెరిచింది. క్లౌడ్ అంటే ఇప్పుడు మన ఊళ్లోని కట్టడాలే. ఆ పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. ఒక చిన్న అప్లికేషన్ తీసుకోండి, పైప్‌లైన్ కట్టండి, తర్వాత కావాలని చెడగొట్టండి. డేటాబేస్ ఆపేయండి, తప్పు కోడ్ పంపండి, వెనక్కి రండి. టూల్ పేర్లు మారుతుంటాయి. క్లాంపు ఎక్కడ బిగించాలో మాత్రం ఇలా చేస్తేనే చేతికి తెలుస్తుంది.

ఇప్పటికే టీములు నడుపుతున్న అన్నలకూ అక్కలకూ ఒక మనవి. ఈ వారం రిలీజ్‌ను మీ దగ్గర చివరగా చేరిన మనిషి చేత చేయించండి. శుక్రవారం రాత్రి వద్దు, మంగళవారం పొద్దున చేయించండి. మీరు పక్కన కూర్చోండి, కీబోర్డు ముట్టుకోవద్దు. ముందుకు పంపించాక వెనక్కి కూడా తెప్పించండి. వాళ్లు ఎక్కడెక్కడ ఆగి మిమ్మల్ని అడిగారో కాగితం మీద రాసుకోండి. మీ జిగ్‌కు పిన్ను లేనిది ఆ చోట్లలోనే. మర్నాడు కొత్త ఫీచర్ ముట్టుకోకముందే ఆ పిన్నులు పెట్టండి.