పురపాలనలో 'ప్రజల భాగస్వామ్యం': ఏ ప్రజలు, ఎంత భాగం?

'ప్రజల భాగస్వామ్యం' అనే మాట లేకుండా ఇవాళ ఏ ప్రభుత్వ కాగితమూ బయటికి రావడం లేదు. ప్రపంచబ్యాంకు భాషలోంచి సచివాలయం భాషలోకి, అక్కడ్నుంచి మునిసిపల్ ఆఫీసు గోడ మీది రాతల్లోకి దిగిన మాట ఇది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తే భాగస్వామ్యం. ఇంటిపన్ను గడువులోగా కడితే భాగస్వామ్యం. ఆ పన్ను డబ్బుతో ఏ వీధిలో కాలువ కట్టాలో తేల్చే బల్ల చుట్టూ ఎవరు కూర్చోవాలి అనే ప్రశ్న వచ్చేసరికి మాత్రం ఈ మాట మూగబోతా ఉంది. తిరుపతి, చిత్తూరు నగరాల అనుభవాన్ని ముందు పెట్టుకుని ఈ మాట బరువెంతో ఒకసారి తూచి చూద్దామనేది మా ప్రయత్నం.

1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ దళితులకు ఇచ్చిన హక్కుల్ని మేము తక్కువ చేసి చూడడం లేదు. జనాభా దామాషాలో సీట్లు, మూడో వంతు మహిళలకు సీట్లు, 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో మురికివాడల అభివృద్ధి, బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ - ఇవన్నీ పోరాడితే తప్ప దొరకనివి. కానీ అదే కాలంలో గ్రామాలకు సంబంధించి వచ్చిన 73వ సవరణతో దీన్ని పక్కపక్కన పెట్టి చదవండి. పల్లెలో ఓటున్న ప్రతి మనిషీ గ్రామసభలో సభ్యుడే. పట్నంలో అట్లాంటి సభ లేదు. దాని బదులు 243-ఎస్ అధికరణం కింద 'వార్డుల కమిటీ' ఒకటి పెట్టారు. అదీ 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాలకే. ఆ కమిటీలో ఎవరుండాలనేది రాష్ట్ర శాసనసభ ఇష్టం.

గ్రామసభ గురించి మాకు భ్రమలేమీ లేవు. రచ్చబండ మీద ఎవరు కూర్చుంటారో, ఎవరు దూరంగా నిలబడి వింటారో ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెను ఏ మాటలతో కడిగేశారో కూడా తెలిసిందే. అందుకే పల్లె విడిచి పట్నం చేరిన దళితుడు ఇక్కడన్నా మనిషిగా లెక్కకు వస్తాననుకున్నాడు. పట్నం కులాన్ని కొంత దాచుకోనిచ్చింది, నిజమే. నోరు తెరిచి మాట్లాడే చోటు మాత్రం ఇవ్వలేదు. పల్లెలో సభ ఉంది, కూర్చోనివ్వరు. పట్నంలో సభే లేదు.

ఇక 3 లక్షల సంగతి. 2011 జనగణనలో తిరుపతి నగర జనాభా సుమారు 2 లక్షల 87 వేలు. అంటే రాజ్యాంగం గీసిన గీతకు 13 వేల మంది తక్కువ. చుట్టుపక్కల ఊళ్లు కలుపుకుంటే ఇదే జనగణనలో 4 లక్షల 60 వేలు దాటుతుంది. కొండకు పోయే యాత్రికులతో రోజూ కిక్కిరిసే ఊరు. వాళ్ల చెత్త ఎత్తేదీ, వాళ్ల నీళ్లు మోసేదీ ఈ ఊరే. కానీ రాజ్యాంగం దృష్టిలో 'జనాభా' అంటే చివరిసారి ప్రచురించిన జనగణన అంకె. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు గనుక 2011 నాటి అంకే ఏళ్ల తరబడి ఊరి కొలత అయి కూర్చుంది. చిత్తూరు లక్షన్నర పైచిలుకు జనాభాతో ఆ గీతకు ఇంకా ఎంతో దూరం. ఈ 3 లక్షల అంకెకు తర్కమేందో మాకు అర్థం కాలేదు. కేరళ తన 1994 మునిసిపల్ చట్టంలో లక్ష జనాభానే హద్దుగా పెట్టుకుని, దాటిన పట్టణాలకు వార్డు కమిటీలు, దాటని వాటికి వార్డు సభలు పెట్టింది. రాజ్యాంగం కనీసం చెప్పింది గాని అంతకు మించి చెయ్యొద్దని ఎక్కడా అనలేదు.

మన రాష్ట్రం కూడా 2008లో మునిసిపల్ చట్టాల్ని సవరించి వార్డు కమిటీలు, వాటి కింద ఏరియా సభలు అని రాసుకుంది. ప్రజల మీద ప్రేమతో రాసుకున్నది కాదది. 2005 డిసెంబరులో కేంద్రం మొదలుపెట్టిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం డబ్బులు కావాలంటే ఇట్లాంటి చట్టం చెయ్యాలనే షరతు ఉంది. తిరుపతి కూడా తర్వాత ఆ పథకం జాబితాలో చేరిన ఊరే. షరతు కోసం పుట్టిన చట్టానికి షరతు తీరినాక ఆయుష్షు ఎంతుంటుంది? పైగా ఏరియా సభ ప్రతినిధిని ఆ వీధి జనం ఓట్లతో ఎన్నుకోవడం గాక నియమించే దారి పట్టింది. నియమించేది ఎవరంటే కౌన్సిలే. వీధిలో ఎవరి మాట చెల్లుతుందో వాడి మనిషే ప్రతినిధి అవుతాడని చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు.

అసలు విషాదం ఇంకోటి. ఆ చట్టంలో వార్డు కమిటీకి అధ్యక్షుడు ఆ వార్డు నుంచి గెలిచిన సభ్యుడే. తిరుపతి 2007 మార్చి 2న నగరపాలక సంస్థ అయింది. దానికి తొలి ఎన్నిక జరిగింది 2021 మార్చి 10న. నడుమ 14 ఏళ్లు. కార్పొరేటరే లేని ఊళ్లో వార్డు కమిటీ ఎక్కడిది? అవధి తీరకముందే ఎన్నిక జరపాలని 243-యు అధికరణం చెబుతూనే ఉంది, ప్రత్యేక అధికారులు ఊరిని ఏలుతూనే ఉన్నారు. రిజర్వుడు సీట్లు అనేవి ఆ 14 ఏళ్లూ ఉత్త కాగితం. ఒక తరం దళిత యువకులు ఈ ఊళ్లో కార్పొరేటర్ అనే మనిషిని చూడకుండానే ఓటు హక్కు వయసుకు వచ్చారు.

ఆ ఖాళీలోనే పెద్ద నిర్ణయాలు జరిగిపోయాయి. 2016 సెప్టెంబరులో తిరుపతిని స్మార్ట్ సిటీగా ఎంపిక చేశారు. దానికోసం ఒక కంపెనీ పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం, నగరపాలక సంస్థ సమాన వాటాదారులు. కౌన్సిల్ లేని ఊరి తరఫున వాటాదారుగా సంతకం పెట్టేది అధికారే గనుక, వాటా ఊరిది, మాట సర్కారుది అయింది. ప్రణాళిక తయారీలో 'పౌరుల అభిప్రాయాలు' ఇంటర్నెట్‌లో కూడా సేకరించామన్నారు. స్కావెంజర్స్ కాలనీలో ఆనాడు ఎంతమంది చేతిలో ఇంటర్నెట్ ఉంది? ఆ కాలనీ పేరు వినండి. నగరం తన మలినం ఎత్తే మనుషుల్ని ఒకచోట పెట్టి, ఆ పనినే వాళ్ల చిరునామాగా రాసింది. ఆ చిరునామా నుంచి అభిప్రాయం పంపినా 'పౌరుల అభిప్రాయం' కింద లెక్క వేసేవాళ్లా అనే అనుమానం మాకుంది.

తిరుపతికి ఇంకో చిక్కు ఉంది. ఊరి ఆర్థిక జీవితాన్ని శాసించేది తిరుమల తిరుపతి దేవస్థానం. దాని పాలకమండలిని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. ఊరి జనం ఓటుకు అక్కడ చోటు లేదు. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన శ్రీనివాస సేతు వంతెన ఖర్చులో మూడింట రెండు వంతులు దేవస్థానానిది, మిగిలింది స్మార్ట్ సిటీది. అంటే ఊరి నడుమ లేచిన అతి పెద్ద కట్టడానికి డబ్బు పెట్టిన రెండు సంస్థల్లో ఏదీ వార్డు ఓటరుకు నేరుగా జవాబుదారీ కాదు. 2007లో ఇదే దేవస్థానం 'దళిత గోవిందం' పేరుతో దేవుణ్ణి దళితవాడకు తీసుకొచ్చింది. కౌన్సిల్ అజెండాను దళితవాడకు తీసుకొచ్చిన కార్యక్రమం మాత్రం మేమెరిగినంతలో లేదు.

2021 ఎన్నికలతో కథ మారిందా? చిత్తూరులో 50 డివిజన్లకు 37 ఏకగ్రీవం. అదే జిల్లా పుంగనూరులో 31 వార్డులకు 31 ఏకగ్రీవం. తిరుపతిలో 50కి ఇరవై పైన. చిత్తూరు మేయర్ పదవి అప్పుడు ఎస్సీలకు కేటాయించినదే. అది హక్కుగా దక్కింది, అందులో సందేహం లేదు. కానీ డివిజన్లలో నాలుగింట మూడు వంతుల చోట్ల ఓటు వెయ్యడమే జరగని ఎన్నిక నుంచి వచ్చిన దళిత మేయర్, జనానికి జవాబు చెప్పాల్నా, ఏకగ్రీవం చేయించినవాళ్లకా? ఈ ప్రశ్న ఆ కుర్చీలో కూర్చున్న వ్యక్తి మీద కాదు, కుర్చీని అట్లా అమర్చిన పద్ధతి మీద. తిరుపతిలో ఒకే పార్టీకి దాదాపు మొత్తం కౌన్సిల్ దక్కింది. 2025 ఫిబ్రవరిలో అదే కౌన్సిల్ డిప్యూటీ మేయర్‌గా ఎదుటి పార్టీ మనిషిని ఎన్నుకుంది. నడుమ కార్పొరేటర్ల క్యాంపులు, బస్సుల మీద దాడులు. ఓటర్లు మనసు మార్చుకున్నారా లేదా అని అడిగినవాళ్లు లేరు. ఇక చిత్తూరులో 2015 నవంబరు 17న మేయర్‌ను నగరపాలక కార్యాలయంలోనే చంపేశారు. మేయర్‌కే ప్రాణ రక్షణ లేని ఆ గడప లోపలికి మాదిగవాడ మనిషి అర్జీ పట్టుకుని ధైర్యంగా పోవాలంటున్నారు.

ఇక్కడ మేము మహద్‌ను గుర్తు చేయదలచుకున్నాం. చవదార్ చెరువు నీళ్ల పోరాటంగా అందరూ చెప్పుకుంటారు గాని అది ఒక మునిసిపాలిటీ కథ కూడా. 1923లో బొంబాయి శాసనమండలిలో బోలే తీర్మానం నెగ్గింది. 1924 జనవరిలో మహద్ మునిసిపాలిటీ తన చెరువును అంటరానివాళ్లకు తెరుస్తూ తీర్మానం చేసింది. అదే ఏడాది మద్రాసులో రెట్టమలై శ్రీనివాసన్ తెచ్చిన తీర్మానం మేరకు రోడ్లు, బావులు అందరివీ అని ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. అప్పటి చిత్తూరు మద్రాసు రాష్ట్రంలోదే. అన్నీ కాగితాలే. మహద్‌లో మూడేళ్లపాటు ఒక్క దళితుడూ ఆ నీళ్లు ముట్టలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వెంట వేలమంది నడిచిపోయి నీళ్లు తాగితేనే ఆ తీర్మానానికి ప్రాణం వచ్చింది. మునిసిపాలిటీ అధ్యక్షుడు సురేంద్రనాథ్ టిప్నిస్ వాళ్ల పక్షాన నిలిచాడు. అయినా ఆ ఆగస్టులోనే కౌన్సిల్ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. బొంబాయి హైకోర్టులో గెలుపు 1937 మార్చిలో గాని రాలేదు. ఈ కథలో మాకు ముఖ్యంగా కనబడేది ఆ రద్దు తీర్మానం. దళితులు తీర్మానాన్ని వాడుకోనంతకాలం అది పుస్తకంలో భద్రంగా ఉంది. వాడుకున్న ఐదు నెలలకే పోయింది. మన 2008 చట్టం ఇంకా పుస్తకంలో ఉందంటే దాన్ని ఎవరూ గట్టిగా వాడుకోలేదనే అర్థం.

'వార్డు సచివాలయం వచ్చింది కదా, ఇంకా సభ ఎందుకు' అని కొందరు మిత్రులు అంటా ఉంటారు. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ సచివాలయాల వల్ల సర్టిఫికెట్ల కోసం తిరుగుడు తగ్గిన మాట ఒప్పుకోవాల్సిందే. కానీ అక్కడ పౌరుడు లేడు, లబ్ధిదారు ఉన్నాడు. పారిశుధ్యానికి ఒక కార్యదర్శి, ప్లానింగుకు ఒకరు, సంక్షేమానికి ఒకరు ఉన్నారు గాని, వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి లెక్క అడిగే సభ లేదు. సోమవారం అర్జీల కార్యక్రమమూ అంతే. పేరు 'స్పందన' అయినా, 2024 తర్వాత మారిన పేరైనా, అర్జీ అనేది ఒంటరి మనిషి చేసేది. వీధి మొత్తానిదైన కాలువను ఒక మనిషి విన్నపంగా కుదించేస్తుంది. అర్జీ నెంబరు వస్తుంది, 'పరిష్కరించబడినది' అని మెసేజీ వస్తుంది, కాలువ అట్లనే ఉంటుంది.

పారిశుధ్య కార్మికుల సంగతి వేరుగా చెప్పాలి. ఊరి పాలనలో రోజూ తెల్లవారుజామున చీపురు పట్టి పాల్గొంటున్నది వాళ్లే, ఎక్కువమంది దళితులే, ఆడవాళ్లే. వీధి వీధి లోపం వాళ్లకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. 2015 జులైలో, మళ్లీ 2023 డిసెంబరు చివర మొదలుపెట్టి రాష్ట్రమంతా సమ్మె చేసినప్పుడు మాత్రమే వాళ్లు కౌన్సిళ్లకు కనబడ్డారు. అదీ 'సమస్య'గా. మురుగు గుంటల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. 2014 తీర్పు సాధించిన సఫాయి కర్మచారి ఆందోళన్‌కు నాయకుడు బెజవాడ విల్సన్ పుట్టింది ఈ జిల్లా సరిహద్దు అవతల కోలారు బంగారు గనుల్లో, తెలుగు మాట్లాడే ఇంట్లో. ఇంత దగ్గరి చరిత్ర ఉన్నా, వార్డు పారిశుధ్యం మీద ఆ వార్డు ఊడ్చే మనిషికి మాట్లాడే హక్కుండాలనే ఆలోచన ఏ కమిటీ నమూనాలోనూ మాకు కనబడలేదు. చెత్త చేరే చోటు సంగతీ ఇంతే. తిరుపతి చెత్త రేణిగుంట మండలం తూకివాకం పోతుంది. 2021 నగరపాలక ఎన్నికల్లో ఆ ఊరివాళ్లకు ఓటు లేదు. కంపు పీల్చేవాళ్లు 'నివాసులు' కారన్నమాట.

కాబట్టి పైనుంచి కమిటీ దిగుతుందని కూర్చోవడం దండగ. ఏరియా సభను వాడల్లో మనమే జరపవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని, తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, కార్పొరేటర్ చేత రసీదు తీసుకుని, దాన్ని కౌన్సిల్ అజెండాలో పెట్టమనాలి. నికర నిధుల్లో ఎస్సీల కోసం తీయాల్సిన 15 శాతం ఏ వీధిలో ఖర్చయిందో సమాచార హక్కు చట్టం కింద వీధి పేర్లతో సహా అడగాలి. మొత్తం అంకె ఇస్తే తీసుకోవద్దు. మెయిన్ రోడ్డు మీద వేసిన లైట్లను కూడా ఎస్సీ ఖాతాలో రాసే అలవాటు మునిసిపల్ ఆఫీసులకు ఉంది. వార్డుల విభజన ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకు ఇచ్చేది కొద్ది రోజులే. దళితవాడను రెండు వార్డులుగా చీల్చి ఎక్కడా మెజారిటీ లేకుండా చేసే పని ఆ కొద్ది రోజుల్లోనే జరుగుతుంది. ఆ పటాలు చదవడం మన విద్యార్థులు నేర్చుకోవాలి.

ఇంకోటి, 13 వేల సంగతి. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టి ప్రకటించిన జనగణనలో కులం లెక్క కూడా ఉంది. తిరుపతి ఆ గీత దాటుతుందా లేదా, ఎస్సీల వాటా ఎంతని తేలుతుందనేది ఎన్యూమరేటర్ ఏ గుడిసె తలుపు కొట్టాడు, ఏ గుడిసె వదిలేశాడు అనే దాని మీద ఉంటుంది. కాలువ గట్టు మీద పట్టా లేకుండా ఉంటున్న యానాది కుటుంబాలు, పల్లెలో రేషన్ కార్డు పెట్టుకుని ఇక్కడ చీపురు పడుతున్న మాల మాదిగ ఆడవాళ్లు, లాడ్జీల వెనక రేకుల షెడ్లలో పడుకునే కూలీలు - వీళ్లను ఈ ఊరి లెక్కలోనే రాయించే పని ఎవరు తీసుకుంటారో వాడవాడలోనూ ఇప్పుడే తేల్చుకోవాలి.