ముల్లును అనుమానించేవాళ్లకు

ఈ వారం ఒక ఫిజిసిస్టు నన్ను గంటకు పైగా కూర్చోబెట్టాడు. మా వదినకు రొమ్ము ఆపరేషనైంది. ఇప్పుడు కుట్లు వేసినచోట ఎలక్ట్రాన్లతో రేడియేషన్ ఇస్తున్నారు, తోడు వెళ్లాను. “సార్ మిషను అవుట్‌పుట్ చూస్తున్నారండీ, ఆలస్యమవుతుంది” అన్నాడు టెక్నీషియన్. వదిన విసుక్కుంది. నాకు మాత్రం పండగే. ఆటో మీటరు నుంచి బీపీ మిషను దాకా ఏ ముల్లునూ నమ్మని మనిషినని ఈ కాలమ్ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. జీతమిచ్చి మరీ యంత్రాన్ని అనుమానించేవాణ్ణి పెట్టుకున్నారంటే వాళ్లు నావాళ్లే.

పని ముగించుకుని బయటికొచ్చినాయన్ను పట్టుకుంటే, లోపలికి తీసుకెళ్లి చూపించాడు. మిషను కింద నీళ్ల తొట్టి, నీళ్లలో రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద చాంబర్. దాని పలచటి మూత వెనక రెండు మిల్లీమీటర్ల మందాన గాలి, అంతే. ఎలక్ట్రాన్లు ఆ గాలిలో పుట్టించే విద్యుదావేశాన్ని కొలిచి, ముంబై బార్క్ (బాబా అణు పరిశోధన కేంద్రం) సర్టిఫికెట్‌లోని గుణకంతో డోసు లెక్కకడతారు. చాంబర్‌ను ఎక్కడో అక్కడ ముంచితే కుదరదు. డోసు సగానికి పడిపోయే లోతు ముందు కనుక్కోవాలి. దాన్ని 0.6తో గుణించి, ఒక మిల్లీమీటరు తీసేసి, సరిగ్గా అక్కడ నిలపాలి.

గోడకు బారోమీటరుంది. చాంబర్‌లోని గాలికీ బయటి గాలికీ దారి ఉంటుంది కాబట్టి, పీడనం తగ్గితే లోపలి గాలీ పలచబడుతుంది, రీడింగూ తగ్గుతుంది. ప్రామాణిక పీడనం 1013 మిల్లీబార్లు. హైదరాబాద్ 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, ఇక్కడ ఉండేది సుమారు 950. అంటే ఆరు శాతం దాకా సవరించాలి.

“ఫోన్‌లో వాతావరణం చూసి వేసేస్తే?”

“కొంప మునుగుతుందండీ!”

ఫోన్ చూపేది సముద్రమట్టానికి సర్దిన అంకెట. దాన్ని నమ్మితే మిషను తక్కువిస్తున్నట్టు కనిపిస్తుంది. సరిచేశామనుకుని పెంచుతారు, పేషెంటు ఒంటి మీద ఆరు శాతం అదనంగా పడుతుంది. ఈ పనిలో రెండు మూడు శాతం తేడా వచ్చినా ఊరుకోరు.

“చూశారా, ఏ అంకెనూ నమ్మకూడదు” అన్నాను, నా సిద్ధాంతానికి సైన్సు తోడొచ్చిందన్న హుషారులో. ఆయన ఒప్పుకోలేదు. సారగోసా సంగతి చెప్పాడు.

1990 డిసెంబరు, స్పెయిన్. సారగోసాలో ఒక ఆస్పత్రి రేడియేషన్ మిషను (యాక్సిలరేటర్) పాడైతే బాగుచేసి, పదో తేదీన మళ్లీ చికిత్స మొదలుపెట్టారు. ఏ శక్తి ఎంచుకున్నా కన్సోల్ మీది ముల్లు 36 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) దగ్గర్నుంచి కదలలేదు. ముల్లు ఇరుక్కుందనుకుని పని కానిచ్చారు. ముల్లు భేషుగ్గా ఉంది. ఏది ఎంచుకున్నా యంత్రం 36తోనే కొడుతోంది. ఎలక్ట్రాన్లు ఎంఈవీకి అర సెంటీమీటరు చొప్పున లోపలికి పోతాయి. పై పొరల్లో ఆగవలసినవి లోతుగా దిగబడ్డాయి, డోసు కూడా కొన్ని రెట్లు పెరిగింది. ఇరవయ్యో తేదీకల్లా 27 మంది దాని కింద పడుకుని లేచారు. వాళ్లలో చాలామంది బతకలేదు. రిపేరు జరిగిన సంగతి అక్కడి ఫిజిక్స్ విభాగానికి ఎవరూ చెప్పలేదు.

అక్కడ నిజం చెప్పింది ముల్లొక్కటే. దాన్ని కొట్టిపారేసినవాళ్లు చేసింది అచ్చంగా ఇన్నాళ్లూ నేను ఇక్కడ బోధిస్తున్న పనే. వాళ్లకు అనుమానం రాకపోలేదు, వచ్చింది. అది పోయి మీటరు మీద పడింది, అక్కడితో ఊరుకుంది. చాంబర్ తెచ్చి తొట్టిలో దించి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. కొలవనివాడికి అనుమానించే హక్కు కూడా లేదని ఈ వారం నుంచి నా మాట మారుస్తున్నాను.

వదినకు ఇంకా సిట్టింగులున్నాయి. మధ్యలో మిషను ఆగి మళ్లీ నడిస్తే, రిపేరు రిజిస్టరులో ఇంజనీరు సంతకం కింద ఫిజిసిస్టు సంతకం పడిందా అని అడగబోతున్నాను. మీవాళ్లెవరైనా ఆ బల్ల ఎక్కుతుంటే మీరూ అడగండి, మొహమాటపడకండి.