ప్రింటు చూసే కళ్ళు

“ప్రింటెట్లుంది?”

కొత్త సినిమా ఇంటికొచ్చిందంటే మా భోపాల్‌పట్నంలో ముందు వినబడే మాట ఇదే. కథ సంగతి, పాటల సంగతి తర్వాత. టీవీ, డెక్కు అద్దెకు తెచ్చుకుని రాత్రంతా సినిమాలు చూసిన కాలంలో పుట్టిన ఈ ప్రశ్న సీడీలు, డీవీడీలు దాటి ఇప్పుడు ఓటీటీ దాకా వచ్చింది. దీని వెనక ఒక విద్య ఉంది. ఎవరూ పాఠం చెప్పింది కాదు, చూడగా చూడగా కంటికి అబ్బింది. యాక్షన్ సినిమా రెండో భాగం ఇంటి తెర మీదికి వచ్చినప్పుడు ఆ విద్యకు చేతినిండా పని. మొదటి భాగం చూసి పెంచుకున్న ఆశ అంతా ఆ ప్రింటు మీదే ఉంటుంది మరి.

హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా వచ్చే 163వ జాతీయ రహదారికి ఈ కొసన ఉన్న ఊరు మాది. ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి, తెలంగాణ సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలోకి వస్తే మేం తగులుతాం. ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటు మాకు దగ్గరే. చాలా ఇళ్ళల్లో తెలుగు, సంతలో గోండీ, హల్బీ, బడిలో హిందీ. మాలో ఎంతోమందికి సినిమా అంటే ఇంట్లో చూసిందే. హాల్లో సినిమా చూసి వచ్చి, ఇంట్లో రెండోసారి తీరిగ్గా చూసేవాళ్ళకు ప్రింటు కాస్త అటూ ఇటూ అయినా గడుస్తుంది. మొదటిసారీ చివరిసారీ ఇంట్లోనే చూసేవాళ్ళకు గడవదు.

కేసెట్ల కాలంలో ప్రింటు పరీక్ష మోటుగా ఉండేది. హాల్లో కెమెరా పెట్టి దొంగతనంగా తీసిన ప్రింటును పట్టుకోవడమే అందులో ముఖ్యం. తెర అంచులు వంకరగా ఉన్నాయా, ఎవరిదైనా తల నీడ అడ్డంగా కదిలిందా, హీరో రాగానే ఈలలు వినిపించాయా అని చూసేవాళ్ళు. ఈలలు వినిపిస్తే అది హాల్ ప్రింట్ అన్నట్టే. అది సినిమా వాళ్ళ కష్టాన్ని దోచుకున్న సరుకు. అలాంటిది చూడటం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

రెండో పరీక్ష బొమ్మ వెడల్పు. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. అప్పటి నుంచి మన సినిమా పోరాటాల్లో ఎక్కువ భాగం ఆ వెడల్పు తెరను లెక్కలోకి తీసుకునే తీశారు. ఈ చివర హీరో, ఆ చివర శత్రువు, మధ్యలో ఖాళీ జాగా. ఎవరు ముందు కదులుతారా అన్న ఉత్కంఠంతా ఆ ఖాళీలోనే ఉంటుంది. పాత టీవీ మాత్రం దాదాపు చదరంగా ఉండేది. తెర మొత్తం నిండాలని పక్కలు కోసేస్తే స్కోప్ బొమ్మలో నూటికి నలభైకి పైగా పోయేది. కొట్టినవాడు కనిపిస్తే పడినవాడు కనిపించడు. పైనా కిందా నల్లపట్టీలు వదిలి బొమ్మంతా చూపిస్తే, ‘సగం తెర ఖాళీగా వదిలేశారు’ అని జనమే గొడవ పెట్టేవాళ్ళు. ఇప్పటి వెడల్పు టీవీలోనూ స్కోప్ బొమ్మకు పట్టీలు తప్పవు. ఆ పట్టీలు ఉన్నాయంటే సంతోషించాలి. లేకపోతే పక్కలు ఏమయ్యాయని అడగాలి.

వీసీడీ వచ్చాక కొత్త రోగాలు వచ్చాయి. ఒక డిస్కులో పట్టేది 74 నిమిషాలు, మహా అయితే 80. కాబట్టి మూడు గంటల సినిమా మూడు డిస్కులు. ఫైటు సగంలో ఉండగా డిస్కు మార్చిన సందర్భాలు ఎన్నో. బొమ్మ 352 అడ్డం, 288 నిలువు చుక్కలే. మనిషి ముఖం దగ్గరగా ఉన్నంతసేపు పర్వాలేదు. గుర్రాలు పరుగెత్తి దుమ్ము లేచిందో, బొమ్మంతా గళ్ళు గళ్ళుగా విడిపోయేది. దీనికి కారణం తెలుసుకుంటే ఈనాటి ప్రింటును చూసే కన్ను కూడా పదునెక్కుతుంది. డిస్కుల్లో, ఓటీటీల్లో వీడియోను కుదించే పద్ధతి చాలావరకు ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మారని భాగాన్ని మళ్ళీ దాచదు, మారిన భాగాన్నే దాస్తుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీనులో మారేది తక్కువ. దుమ్ము, పొగ, వాన, నిప్పురవ్వలు, గుంపులో పరుగు ఉన్నచోట ప్రతి చుక్కా మారుతుంది. అక్కడ లెక్కకు సరిపడా డేటా ఇవ్వకపోతే బొమ్మ విరుగుతుంది. అంటే యాక్షన్ సినిమాలో దర్శకుడు ఎక్కువ డబ్బు, ఎక్కువ రోజులు పెట్టిన చోటే ప్రింటు ముందుగా ఓడిపోతుంది. ప్రింటు బాగోగులు తేల్చాలంటే అందుకే ఫైటు పెట్టి చూడాలి.

డీవీడీతో బొమ్మ తేటపడింది. మనకు వచ్చిన పాల్ (PAL) పద్ధతి డిస్కుల్లో ఇంకో చిక్కు ఉండేది. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను 25 ఫ్రేములతో నడిపేవాళ్ళు. మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోయేది, గొంతులు కాస్త సన్నబడేవి. ఇది చాలామంది గమనించలేదు. తెరమీద కదిలే ఫోన్ నంబర్లూ, మూలన కూర్చున్న కంపెనీ గుర్తూ మాత్రం అందరం గమనించాం. కత్తి దూసిన హీరో మొహం మీదుగా ప్రకటన పాకుతుంటే ఎంత బాధగా ఉండేదో ఆ డిస్కులు కొన్నవాళ్ళకు తెలుసు.

ఇప్పుడు ప్రింటును పరీక్షించే ముందు టీవీని పరీక్షించాలి. దుకాణంలో మెరవడానికి పెట్టిన ‘వివిడ్’ సెట్టింగునే ఇంట్లోనూ వదిలేస్తే చర్మాలన్నీ నారింజ రంగుకు తిరుగుతాయి. ‘మోషన్ స్మూతింగ్’ అనే ఏర్పాటు మరీ చెడ్డది. సినిమాలో ఉన్న 24 ఫ్రేముల మధ్య టీవీ తన సొంత ఫ్రేములు కల్పించి చొప్పిస్తుంది. దెబ్బ బరువు పోయి, ఫైటు రిహార్సల్ వీడియోలా కనిపిస్తుంది. 2018 డిసెంబరులో ‘మిషన్ ఇంపాజిబుల్ – ఫాలౌట్’ ఇళ్ళకు చేరే సమయానికి హీరో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి ఒక వీడియో చేసి, దయచేసి ఈ సెట్టింగు ఆపేయండని ప్రేక్షకుల్ని అడిగారు. యాక్షన్ సినిమా తీసినవాళ్ళే ఇంటి తెర గురించి అంత పట్టించుకుంటే నాకు ముచ్చటేసింది. మన దర్శకులు కూడా ఒక మాట చెబితే బాగుంటుంది.

టీవీ సరిచేశాక ఏ సీను పెట్టాలి? నేను ‘బాహుబలి 2’లో కుంతల రాజ్యం మీద పిండారీలు దాడి చేసే రాత్రి పెడతాను. చీకటి, కాగడాలు, కొమ్ములకు నిప్పు కట్టిన ఎద్దులు, ఆ వెనకే నీటి ప్రవాహం. ప్రింటును ఇబ్బంది పెట్టేవన్నీ ఒకేచోట ఉన్నాయి. 2017 ఏప్రిల్ 28న విడుదలైన ఈ సినిమాకు 65వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో స్పెషల్ ఎఫెక్ట్స్‌కూ, పోరాట దర్శకత్వానికీ గౌరవం దక్కింది. ఆ పనితనం ఇంట్లో ఎంత మిగిలిందో ఈ సీను చెబుతుంది. మంట చుట్టూ ఉన్న చీకటిని చూడండి. నలుపు నుంచి వెలుగుకు రంగు మెల్లగా పాకాలి. మెట్లు మెట్లుగా, చారలు చారలుగా కనిపించిందంటే ఛాయలు చాలలేదని అర్థం. మామూలు 8 బిట్ల వీడియోలో ఒక్కో రంగుకు 256 ఛాయలే. హెచ్‌డీఆర్ ప్రింట్లలో వాడే 10 బిట్ల వీడియోలో 1024. తర్వాత దేవసేన, బాహుబలి పక్కపక్కన నిలబడి మూడేసి బాణాలు సంధించే చోట ఆపండి. బాణం కర్ర, వేళ్ళు, అల్లెతాడు విడివిడిగా కనిపించాలి. అక్కడ అలుక్కుపోతే ఆ ప్రింటు చిన్న ఫోనుకు పనికొస్తుందేమో, ఇంటిల్లిపాదీ చూడటానికి పనికిరాదు.

రంగుకు నేను పెట్టే పరీక్ష ‘పుష్ప 2’లో జాతర. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకుంటారు. ఆ మాతంగి వేషాన్నే దర్శకుడు సుకుమార్ తన సినిమాకు గుండెకాయ చేశాడు. ఒంటికి నీలం, చీర, నిమ్మకాయల దండలు, బంగారం, ఎగిరే పొడి, పొగ. మేం గంగమ్మ జాతర ఎరగం కానీ రెండేళ్ళకోసారి మేడారం జాతరకు వెళ్ళే జనం మావైపు చాలామంది. పసుపు గాల్లో లేస్తే ఎండలో ఒకలా, సాయంత్రం ఇంకోలా ఉంటుందని మాకు తెలుసు. కుంకుమ ఎరుపు, రక్తం ఎరుపు ఒకటి కావనీ తెలుసు. ప్రింటులో ఆ రెండు ఎరుపులూ కలిసిపోయాయంటే సీను అర్థమే పోయినట్టు. భక్తి ఎక్కడ ఆగిందో, హింస ఎక్కడ మొదలైందో చూసేవాడికి తెలిసేది ఆ తేడాలోనే. ఈ మాట మా ఊళ్ళో టీవీ సెట్టింగులేమీ తెలియని పెద్దవాళ్ళు కూడా చెప్పగలరు. వాళ్ళ కళ్ళే నాకు ప్రమాణం.

బొమ్మ కన్నా ఎక్కువగా ఇళ్ళల్లో దెబ్బతినేది శబ్దం. హాల్లో డాల్బీ అట్మాస్ కోసం కలిపిన శబ్దం చుట్టూ ఉన్న స్పీకర్లకూ, పైకప్పులోని స్పీకర్లకూ పంచి ఉంటుంది. మాటలు ఎక్కువగా తెర మధ్యలో ఉన్న స్పీకరుకు అప్పగిస్తారు. ఇంట్లో టీవీకి ఉన్నవి రెండు చిన్న స్పీకర్లు. అన్నీ వచ్చి ఆ రెంటిలో ఇరుక్కోవాలి. డోలు, దెబ్బ, నేపథ్య సంగీతం మాటల్ని తొక్కేస్తాయి. ‘పుష్ప 2’ హీరో పుష్పరాజ్ పాత్ర ప్రాణమంతా ఆ చిత్తూరు యాసలో ఉంది. అది వినపడకపోతే మిగిలేది కొట్లాటే. మా ఇంట్లో దీనికి ఒకటే కొలమానం: అవ్వ. ఫైటు మధ్యలో “ఏమన్నడు బిడ్డా?” అని అవ్వ అడగాల్సి వస్తే ఆ శబ్దం మిశ్రమం ఇంటికి తగ్గట్టు లేనట్టే. మాటలకు సౌండు పెంచి, పేలుడుకు తగ్గించి, రిమోట్ చేతిలోంచి వదలకుండా చూడాల్సి వస్తే అదీ ప్రింటు లోపమే. హాలు కోసం కలిపిన శబ్దాన్ని యథాతథంగా కుదించకుండా, ఇంటి కోసం విడిగా కూర్చుని కలపాలి. దానికి అయ్యే ఖర్చు ఒక్క ఫైటు ఖర్చులో ఏపాటి?

నిడివి సంగతి మరో ఎత్తు. ‘పుష్ప 2’ 2024 డిసెంబరు 5న హాళ్ళలోకి వచ్చినప్పుడు 3 గంటల 20 నిమిషాలు. 2025 జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చింది 23 నిమిషాలు కలిపిన ‘రీలోడెడ్’ కూర్పు. ఇంట్లో ఆపుకుని, అన్నం తిని మళ్ళీ చూడొచ్చు కాబట్టి ఎక్కువ నిడివి భారం కాదు. పాత్రల మధ్య తెగిన దారాలు ముడిపడితే మేలే. అయినా నా అభిప్రాయంలో హాలు కూర్పు కూడా పక్కనే దొరకాలి. దేశమంతా చర్చించుకున్న సినిమా అదే కదా. ‘బాహుబలి 2’ను జపాన్‌లో 2017 డిసెంబరులో ముందు కుదించిన అంతర్జాతీయ కూర్పుగా వేశారు. అక్కడి అభిమానం చూశాక 2018లో పూర్తి నిడివితో మళ్ళీ హాళ్ళలో వేశారు, డిస్కులూ తెచ్చారు. ఏ కూర్పు చూస్తున్నామో చూసేవాడికి తెలియాలి, ఎంచుకునే వీలుండాలి.

మాలాంటి సరిహద్దు ఊళ్ళకు ఇంకో అవసరం ఉంది. దాన్ని ఏ సమీక్షలోనూ చూడలేదు. మా పిల్లలు తెలుగు మాట్లాడతారు, బడి చదువు హిందీ కాబట్టి తెలుగు అక్షరాలు చాలామందికి రావు. పెద్దవాళ్ళకు హిందీ డబ్బింగు రుచించదు. తెలుగు మాట, కింద హిందీ అక్షరాలు ఉంటే మూడు తరాలు ఒకే చాప మీద కూర్చుని చూడగలం. వినికిడి తగ్గినవాళ్ళకు తెలుగు మాటకు తెలుగు అక్షరాలే కావాలి. ప్రింటుకు మార్కులు వేసేటప్పుడు ఈ వరస కూడా చూడాలి: ఎన్ని భాషల మాట, ఎన్ని లిపుల అక్షరాలు, ఆ అక్షరాలు యాసను పట్టుకున్నాయా లేక పొడిపొడిగా అర్థం చెప్పి ఊరుకున్నాయా.

ఇక నెట్. 4కే బొమ్మకు సెకనుకు 15 మెగాబిట్ల వేగం కావాలని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది, ఫుల్ హెచ్‌డీకి 5. బ్లూ-రే డిస్కు ఒక్క బొమ్మకే 40 దాకా ఇవ్వగలదు, 4కే డిస్కు అంతా కలిపి వంద దాటి కూడా ఇవ్వగలదు. అడవి దారుల్లో సిగ్నల్ తగ్గినప్పుడు ఓటీటీ బొమ్మ తనంతట తనే దిగజారుతుంది. ఏ క్షణాన దిగజారేదీ చెప్పలేం. జాతర సీనులో దిగజారితే చూసేవాడికి ఆ సీను లేనట్టే. డిస్కుకు ఆ బెడద లేదు. పైగా ఒప్పందం ముగిస్తే ఓటీటీలో సినిమా కనిపించకుండా పోవచ్చు, అరలో ఉన్న డిస్కు పోదు. దాంతోపాటు ఫైటు ఎలా తీశారో, సెట్టు ఎలా కట్టారో చూపించే ముచ్చట్లు కూడా చేరితే సినిమా పని నేర్చుకోవాలనుకునే మా పిల్లలకు అదొక బడి అవుతుంది.

నిర్మాతలకు ఒక విన్నపం. రెండో భాగానికి వందల కోట్లు పెడుతున్నారు. తెలుగు మాటతో, తెలుగు, హిందీ, ఇంగ్లీషు అక్షరాలతో, ఇంటికి తగ్గట్టు కలిపిన శబ్దంతో, హాలు కూర్పూ పెంచిన కూర్పూ రెండూ ఉన్న మంచి డిస్కు ఒకటి మన దేశంలోనే అమ్మండి. ప్రేక్షకులకు ఇంకొకటి. ఇంట్లో చూసిన సినిమా గురించి ఎవరికైనా చెప్పేటప్పుడు కథతో పాటు ప్రింటు సంగతీ చెప్పండి. బొమ్మ ఎక్కడ విరిగిందో, మాట ఎక్కడ మునిగిందో పేరుపెట్టి చెప్పండి. అడిగేవాళ్ళు ఎక్కువైతే ఇచ్చేవాళ్ళు వినక తప్పదు.